నాయనతో కలిసి బంగారం వెతికాం: విక్టోరియాలో నా అనుభవం

2024 మే 11, శనివారం. అమ్మా నాయనా కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గరి మా పల్లె నుంచి, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మేముండే మెల్‌బోర్న్ వచ్చి అప్పటికి రెండు వారాలైంది. ఇక్కడి మే నెల చలికి ఇంట్లోంచి కదలడం లేదని బల్లారాట్‌లోని సావరిన్ హిల్‌కి తీసుకెళ్ళాను. 1850లలో బంగారం కోసం జనం ఎగబడ్డ నాటి ఊరిని అక్కడ మళ్ళీ కట్టి చూపిస్తారు. మధ్యలో సన్నటి వాగు ఉంటుంది. పళ్ళెం చేతికిస్తారు, ఇసుక కడుక్కోవచ్చు, దొరికిన నలుసు ఇంటికి తెచ్చుకోవచ్చు. సందర్శకుల కోసం వాళ్ళే ఆ ఇసుకలో బంగారం కలుపుతారని తెలిసినా పెద్దా చిన్నా అందరూ అక్కడే వంగి కూర్చుంటారు.

మా పాప అయిదు నిమిషాలకే విసుగొచ్చి గుర్రబ్బండి చూడ్డానికి పరిగెత్తింది. నాయన మాత్రం ప్యాంటు పైకి మడిచి గొంతుక్కూర్చున్నాడు. ఆయన పళ్ళెం పట్టిన తీరు అచ్చం చేట పట్టినట్టే ఉంది. నీళ్ళల్లో ముంచడం, ఒక పక్కకి వాల్చడం, తేలిక మట్టిని వదిలేయడం, మళ్ళీ ముంచడం. "మన పత్తికొండలో అగసాలోళ్ళ అంగళ్ళ ముందర జలగడుగోళ్ళు మట్టి ఊడ్చుకపొయ్యి కడిగేటోళ్ళు రా. ఇదీ అదే పని" అన్నాడు తలెత్తకుండానే. కంసాలి అంగళ్ళ ముందు రాలిన బంగారు రజను కోసం ఆ మట్టి కడిగేవాళ్ళే జలగడుగోళ్ళు. అరగంటకి అడుగున మిగిలిన నల్ల ఇసుకలో పసుపు నలుసొకటి కనపడింది. దాన్ని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. కారెక్కేదాకా ఆ సీసాని వెలుతురుకి పెట్టి చూస్తానే ఉన్నాడు.

దారిలో అడిగాడు: "బయట కూడా ఇట్ల ఎతకొచ్చా? గవర్మెంటోళ్ళు ఏమనరా?"

ఆ ప్రశ్న ఆయన ఊరికే అడగలేదు. మా వైపు తొలకరి పడిందంటే చేలల్లో వజ్రాలు వెతకడం మొదలవుతుంది. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పగిడిరాయి, పెరవలి, అన్ని చోట్లా అంతే. జూన్ వచ్చేసరికి ఎక్కడెక్కడి జనమో దిగుతారు. చెట్ల కింద వంటలు, గుడి అరుగుల మీద పడకలు. నాయన చిన్నతనంలో తనూ వెతికాడు. ఒక్కసారి మెరిసే రాయి దొరికితే, ఎవరికీ తెలియకుండా ఇంట్లోవాళ్ళు రాత్రికి రాత్రి వ్యాపారి అడిగిన ధరకి ఇచ్చేసి వచ్చారట. అది ఎంత విలువైందో ఈ రోజుకీ తెలియదు. ఆ తర్వాత ఆయన రైతయ్యాడు. అప్పటి నుంచి కథ తిరగబడింది. తొలకరికి శెనక్కాయ విత్తీ విత్తకముందే మనుషులు చేలో వరసలు కట్టి నడుస్తారు, కొందరు తవ్వి గుంతలు అట్లాగే వదిలేసి పోతారు. ఆ గుంతల్లో ఎద్దు కాలు పడిన రోజు నాయన పడ్డ కోపం నాకింకా కళ్ళ ముందుంది. వెతికేవాడి ఆశా, పొలం ఉన్నవాడి బాధా రెండూ తెలిసిన మనిషి ఆయన. మేం వెళ్ళిన ప్రతిసారీ ఈ రెండూ మా వెంటే ఉన్నాయి.

ఆ రాత్రే కూర్చుని చదివాను. విక్టోరియా రాష్ట్రంలో సరదాకి బంగారం వెతకాలంటే ‘మైనర్స్ రైట్’ అనే పత్రం తీసుకోవాలి. పదేళ్ళు చెల్లుతుంది, 2024లో ఖరీదు మనిషికి ముప్పై డాలర్ల లోపే ఉండింది. వెతికే ప్రతి మనిషికీ విడిగా ఉండాలి, ఒకరి పేరుతో ఇద్దరు వెతక్కూడదు. దొరికిన బంగారం పత్రం ఉన్నవాళ్ళదే.

నాయనకి ఇది నమ్మబుద్ధి కాలేదు. "ముప్పై డాలర్లకి పదేండ్లా? దొరికిందంతా మనదేనా? యాడో మెలిక ఉంటాది చూడు" అన్నాడు. మెలిక ఉందిగానీ ఆయన అనుకున్న చోట లేదు.

ఈ పత్రం ఎట్లా పుట్టిందో చెప్పినప్పుడు మాత్రం శ్రద్ధగా విన్నాడు. ఒకప్పుడు బల్లారాట్‌లో తవ్వుకునేవాళ్ళు నెలకి ముప్పై షిల్లింగులు కట్టాలి, బంగారం దొరికినా దొరక్కపోయినా. కాగితం చూపించమని పోలీసులు గుంతల్లోంచి మనుషుల్ని పైకి లాగేవాళ్ళు. 1854 నవంబరు 29న బేకరీ హిల్ మీద జనం ఆ లైసెన్సుల్ని తగలబెట్టారు. డిసెంబరు 3 తెల్లవారుజామున సైన్యం వాళ్ళ దడి మీద పడింది, యురేకా స్టాకేడ్ అంటారు దాన్ని. మనుషులు చనిపోయారు. మరుసటి ఏడాది, 1855లో, ఆ లైసెన్సు పోయి ఏడాదికి ఒక పౌను చొప్పున మైనర్స్ రైట్ వచ్చింది, దాంతో పాటు ఓటు హక్కు కూడా. "శిస్తు లాంటిదే కదా" అన్నాడు నాయన. "పండినా పండకపోయినా కట్టమంటే ఎవురికైనా మండుతాది."

మే 19 ఆదివారం ఇద్దరి పేర్లతో ఆన్‌లైన్‌లో కట్టాను. పది నిమిషాల్లో మెయిల్‌కి వచ్చేసింది. నాది ఫోన్లో పెట్టుకున్నాను. నాయన తనది ప్రింటు తీయించి, నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టు అట్టలో పెట్టుకున్నాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. పత్రం పది నిమిషాల్లో వచ్చింది, ఎక్కడ వెతకొచ్చో తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇది ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. స్టేట్ ఫారెస్టుల్లో చాలావరకు వెతకొచ్చు. నేషనల్ పార్కుల్లో మామూలుగా కుదరదు, కానీ గ్రేటర్ బెండిగో లాంటి కొన్నింట్లో గీత గీసి ఇచ్చిన భాగాల్లో కుదురుతుంది. సొంత భూమిలో అయితే యజమాని ఒప్పుకోవాలి. ఎవరికైనా మైనింగ్ లైసెన్సు ఉన్న నేలలో ఆ లైసెన్సుదారు ఒప్పుకోవాలి. అదే ఎక్స్‌ప్లోరేషన్ లైసెన్సు, అంటే ఖనిజం ఉందేమో చూసుకునే అనుమతి, మాత్రమే ఉంటే అడగక్కర్లేదు. ఈ రెండు మాటలూ మ్యాపులో పక్కపక్కనే ఉంటాయి, మొదట్లో నేను రెండూ ఒకటే అనుకుని సగం అడవిని వదిలేశాను. కొన్ని నదుల్లో, వాగుల్లో వెతక్కూడదని వేరే జాబితా ఉంది. ఆదివాసుల వారసత్వ స్థలాల్లో, పాతకాలపు పురావస్తు స్థలాల్లో చెయ్యి పెట్టకూడదు.

జియోవిక్ అని ప్రభుత్వ మ్యాపొకటి ఉంది, అందులో ఈ పొరలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని చూడొచ్చు. పిల్ల నిద్రపోయాక రోజూ రాత్రి పదింటి నుంచి అదే పని. వీడియోల్లో చూసి నేను ముందే గుర్తు పెట్టుకున్న చోట్లు అయిదు. మ్యాపు మీద పెట్టి చూస్తే అందులో మూడు వెతకకూడని నేలలో పడ్డాయి. ఆ వీడియోల్లో మనుషులు హాయిగా తవ్వుతున్నారు. వాళ్ళని చూసి వెళ్ళి ఉంటే నేనూ తప్పు చేసేవాణ్ణి. మిగతా రెండింట్లో ఒకదాని గురించి అనుమానం వచ్చి ఒక ఆఫీసుకి మెయిల్ పెట్టాను. మూడు రోజులకి వస్తుందనుకున్న జవాబు ఎనిమిది పనిదినాలకి వచ్చింది, అది కూడా మ్యాపు చూసుకోమని. చాలా చిరాకేసింది. చివరికి అనుమానం లేని నేలనే పట్టుకున్నాను, డనోలీ దగ్గర స్టేట్ ఫారెస్టులో ఒక ముక్క.

డనోలీ పేరు చూడగానే వదలబుద్ధి కాలేదు కూడా. దానికి కాస్త దూరంలోనే మోలియాగల్ ఉంది. 1869 ఫిబ్రవరి 5న జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరు అక్కడ ఒక చెట్టు వేర్ల మధ్య, జానెడు లోతు కూడా లేని చోట, ‘వెల్‌కమ్ స్ట్రేంజర్’ ముద్దని తీశారు. డెబ్బై కిలోల పైన బంగారం. 1980లో కింగవర్ దగ్గర, నేలలో లోహం ఉంటే మోగే మెటల్ డిటెక్టర్‌తో 27 కిలోల ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ దొరికింది. ఈ సంగతి చెప్తే అమ్మ "అంత మనకొద్దులే నాయనా, మోసుకురాలేం" అని నిజంగానే భయపడింది.

జూన్ 8 నుంచి 10 దాకా ఇక్కడి ‘కింగ్స్ బర్త్‌డే’ సెలవుతో కలిపి మూడు రోజులు దొరికాయి. డిటెక్టర్ కొనాలంటే వేలల్లో ఉంది, అందుకే అద్దెకి తీసుకున్నాను. రోజుకి 110 డాలర్లు, డిపాజిట్ 500, అది తిరిగి ఇచ్చేస్తారు. షాపులో మొదట అడిగింది మైనర్స్ రైట్ ఉందా అనే. చిన్న గునపం, ప్లాస్టిక్ గరిట, పళ్ళెం కలిపి 95. చేతి పనిముట్లు తప్ప ఇంకేమీ వాడకూడదు. ఇంజను, పేలుడు సామాను పూర్తిగా నిషేధం. ఆ షాపాయన అరగంట సేపు నేర్పాడు. నేలని బట్టి మిషను సరిచేసుకోవడం, మిషను కింద ఉండే గుండ్రటి కాయిల్‌ని నేలకి తాకీ తాకకుండా తిప్పడం, తొందరపడకపోవడం. "చాలా మెల్లగా తిప్పుతున్నాను అనిపించినా, ఇంకా మెల్లగా తిప్పు" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం.

శనివారం పొద్దున అయిదున్నరకి మెల్‌బోర్న్‌లో మేముండే టార్నీట్ నుంచి బయలుదేరాం. అమ్మ జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఎర్రకారం కట్టింది. రెండు గంటల పైన ప్రయాణం. అడవిలోకి మట్టిదారి తిరిగేసరికి గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంది. నాయన మంకీ క్యాప్ మీద ఇంకో టోపీ పెట్టుకున్నాడు. చుట్టూ నల్లగా, గరుకు బెరడుతో ఐరన్‌బార్క్ చెట్లు. కింద ఎర్రమట్టి, తెల్ల పలుగురాళ్ళు. నాయన దిగీ దిగగానే ఒక రాయి తీసి తుడిచి చూశాడు. "మన నేల మాదిరే ఉందిరా" అన్నాడు. అంత దూరం వచ్చి ఆయన ముఖంలో ఆ వెలుగు చూడటం నాకు ఆ రోజు దొరికిన మొదటి లాభం.

డిటెక్టర్ పెట్టుకున్న మొదటి గంట ఓ పెద్ద గందరగోళం. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ, చెవిలో ఒకటే గోల. దానికి తోడు నాయన దగ్గరికి వచ్చి వంగిన ప్రతిసారీ మిషను కీచుమనేది. ఎందుకో అర్థం కాలేదు. తీరా చూస్తే ఆయన మొలతాడుకున్న వెండి తాయెత్తు. నా బూట్ల ముందు ఇనప రేకు ఉంది, అదీ మోగుతోంది. వెళ్ళేవాళ్ళు ఇవి గుర్తు పెట్టుకోండి: ఇనుము లేని బూట్లు, జేబులో ఫోన్ ఉండకూడదు, ఉంగరం కూడా తీసేయాలి. నాయన తాయెత్తు తీయనన్నాడు, పది అడుగులు దూరంగా నడుస్తానన్నాడు.

మోగిన ప్రతి చోటా తవ్వాం. సాయంత్రానికి లెక్కపెడితే ఇరవై మూడు ముక్కలు. అందులో పధ్నాలుగు తుపాకీ సీసం గుళ్ళు, మిగతావి బూటు మేకులు, తగరం డబ్బా రేకులు, ఒక తుపాకీ గుండు. బంగారం సున్నా. సీసం మోత అచ్చం బంగారం మోతలాగే మెత్తగా, గుండ్రంగా వినిపిస్తుంది, ప్రతిసారీ గుండె ఒక్క క్షణం ఆగుతుంది. మొదటి ఆరేడు సార్లు ఆ ఆశలో బాగుంటుంది. పదిహేనోసారికి చేతులు నొప్పి, నడుము నొప్పి, లోపల ఏదో నీరసం. నాయన మాత్రం ఒక పని వదల్లేదు. నేను ముక్క తీసి ముందుకు పోతుంటే వెనకే వచ్చి గుంత పూడ్చి, కాలితో అదిమి, మీద ఆకులు చల్లేవాడు. గుంత పూడ్చాలని నిబంధనల్లో ఉంది, చెట్టు వేరు, పొద తెంపకూడదని ఉంది. అది నేను చెప్పక ముందే ఆయన మొదలుపెట్టాడు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఆ అడవి నిండా నూటడెబ్బై ఏళ్ళ నాటి బావుల్లాంటి గని గుంతలున్నాయి. కొన్నింటికి కంచె లేదు. పైన ఎండు కొమ్మలు, ఆకులు కప్పేసి నేలలాగే కనిపిస్తాయి. చెవులకి హెడ్‌ఫోన్లు, కళ్ళు కాయిల్ మీద పెట్టుకుని వెనక్కి నడిస్తే అంతే. మట్టికుప్ప కనపడిందంటే పక్కన గుంత ఉంటుందని నాయన పట్టేశాడు, ఆ తర్వాత కర్ర పొడుస్తూ ముందు ఆయనే నడిచాడు.

రాత్రి మేం దిగిన క్యాబిన్ పక్కన డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఉన్నారు, ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నవాడు. మా ముక్కలు చూసి నవ్వలేదు. "సీసం దొరికిందంటే ఆ నేలని ఎవరూ పూర్తిగా వెతకలేదన్నమాట" అన్నాడు. మట్టి తవ్వాక గరిటలో సగం తీసి మిషను ముందు తిప్పడం, మోగితే అందులో మళ్ళీ సగం, మోగకపోతే పారేయడం, అట్లా చివరికి చిటికెడు మట్టి దాకా వచ్చే పద్ధతి ఆయనే చూపించాడు. దాంతో ఒక్కో గుంతకి పట్టే సమయం మూడో వంతుకి తగ్గింది.

ఆదివారం మధ్యాహ్నం జరిగింది రాయడానికి కాస్త ఆలోచించాను, కానీ రాస్తేనే మంచిది. ఒక పల్లపు వాలు వెంట మెల్లగా పోతున్నాం. రెండు గంటలు ఏమీ మోగలేదు. ఉన్నట్టుండి ఒక మోత వచ్చింది, లోతుగా, పొడుగ్గా, అటు తిప్పినా ఇటు తిప్పినా తెగకుండా. అప్పటిదాకా విన్న ఇరవై, ముప్పై మోతల్లో ఒక్కటీ అట్లా లేదు. నా చేతులు వణికాయి. హెడ్‌ఫోన్లు తీసి నాయన చెవులకి పెట్టాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. గునపం ఎత్తబోతూ అలవాటుగా ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు గానీ ముందే దించుకున్న మ్యాపు ఉంది. నీలం చుక్క మట్టిదారికి అవతల ఉంది. ఆ దారే హద్దు. ఇవతల స్టేట్ ఫారెస్టు, అవతల వెతకకూడని రిజర్వు. కళ్ళు నేల మీదే పెట్టి నడుస్తూ, గడ్డి మూసేసిన ఆ దారిని ఎప్పుడు దాటామో తెలియలేదు. నలభై మీటర్లు లోపల ఉన్నాం.

నేను అబద్ధం చెప్పను, నాకు తవ్వాలనిపించింది. చుట్టూ పురుగు కూడా లేదు. నలభై మీటర్లే. ఫోన్ తప్పు చూపిస్తోందేమో అని కూడా అనుకున్నాను. నాయనకి చూపించి, దారి అక్కడుంది, మనం ఇక్కడున్నాం అని చెప్పాను.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు. "గట్టు దాటినాం. పా" అన్నాడు.

"ఏముందో చూద్దామా నాయనా, ఒక్కటే గుంత."

"మన చేలోకి వచ్చేటోళ్ళూ అదే అంటారు, ఒక్కటే గుంత అని."

ఇంకేం మాట్లాడలేదు. ఇద్దరం వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఆ మోత ఏమిటో తెలియదు. పాత గొడ్డలి తల కావొచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, చెవుల్లో అదే మోగింది. నాయన మాత్రం గురకపెట్టి పడుకున్నాడు. సోమవారం సగం రోజు తిరిగి ఏమీ లేకుండా ఇంటికొచ్చాం.

ఆ తర్వాత మూడు వారాలు ఇంట్లో బంగారం మాట రాలేదు. నాయన వేరే ఏదో ఆలోచిస్తున్నాడని నాకు తెలీదు. జులై మొదటి వారంలో వాన పట్టింది. కిటికీ దగ్గర నిలబడి చూసి, "ఆ మిషను పక్కన పెట్టు. వాన కడిగిన నేలని కంటితో చూడాల. పొద్దు వాలుగా ఉండంగ" అన్నాడు. వజ్రాలకి మా వాళ్ళు చేసేది అదే. తీరా ఇక్కడి వాళ్ళూ వాన తర్వాత కంటితో బంగారం ఏరుతారట, స్పెకింగ్ అంటారట. క్యాబిన్ పెద్దాయనకి ఫోన్ చేస్తే, "మీ నాన్నకి నేర్పాల్సిందేమీ లేదు" అన్నాడు. ఒక్క మాట మాత్రం చెప్పాడు: మెరిసేది కనపడితే చెయ్యి అడ్డం పెట్టి నీడ చెయ్యి. అభ్రకం అయితే ఆరిపోతుంది, బంగారం నీడలోనూ పసుపుగానే ఉంటుంది.

జులై 6, శనివారం. ఈసారి మిషను రెండు రోజులకే తీసుకున్నాను. ముందు హద్దు చూసుకున్నాం. దారి వెంట ప్రతి మలుపులో ఆగి, ఫోన్ చూసి, ఇవతలే ఉన్నామని ఇద్దరం ఒప్పుకున్నాకే అడుగు వేశాం. పాత మట్టికుప్పల కింద, వాన నీళ్ళు కోసిన చిన్న చిన్న చాళ్ళు ఉన్నాయి. నాయన చేతులు వెనక్కి కట్టుకుని, పొద్దు ఎదురుగా ఉండేట్టు, ఒక్కో చాలులో వంగి నడిచాడు. అడుగుకీ అడుగుకీ మధ్య ఎంత సేపు ఆగేవాడంటే నేను రెండు గుంతలు తీసి పూడ్చేవాణ్ణి. నాకు సీసమే దొరికింది.

పదకొండున్నరకి పిలిచాడు. అరవలేదు, మామూలుగా "ఇట్ల రా" అన్నాడు. గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి గొడుగులా పట్టి ఉన్నాడు. ఆ నీడలో, తడి ఎర్రమట్టిలో, పలుగురాళ్ళ మధ్య సగం కూరుకుని పసుపుగా ఏదో ఉంది. మెరుపు లేదు. మెత్తటి, వెన్నలాంటి పసుపు. ఆయన తీయలేదు. "నువ్వు తియ్" అన్నాడు. గోటితో మట్టి జరిపి తీశాను. కందిబద్దంత ఉంది. ఒక పక్క నున్నగా, ఇంకో పక్క చిన్న గుంటలో తెల్ల పలుగు ఇరుక్కుని. అంత చిన్నదానికి ఆ బరువేమిటో, అరచేతిలో వేస్తే చెయ్యి గమనిస్తుంది. నాయన దాన్ని పంటి కింద పెట్టబోయి ఆగి, నీళ్ళ సీసా మూతలో కడిగి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇది ఎవురికీ చెప్పకుండా అమ్ముకునే పని లేదు కదా" అన్నాడు. లేదు నాయనా, పత్రం ఉంది, నీదే అన్నాను.

మర్నాడు అదే చాళ్ళ పైన మిషను తిప్పితే జొన్నగింజలో సగం ఉన్న ఇంకొకటి నాకు దొరికింది. గరిటలో సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే చివరికి చిటికెడు మట్టిలో. పరుగెత్తి చూపిస్తే నాయన చూసి, తల ఊపి, నేను వదిలేసి వచ్చిన గుంత వైపు నడిచాడు, పూడ్చడానికి.

ఖర్చులు దాచకుండా రాస్తున్నాను. పత్రాలు రెండూ అరవై లోపు, పనిముట్లు 95, డిటెక్టర్ అయిదు రోజులకి 550, క్యాబిన్ మూడు రాత్రులకి 420, పెట్రోలు 230. మొత్తం పదమూడు వందల యాభై డాలర్లకి కాస్త అటూ ఇటూ. రెండూ కలిపి తూకం వేస్తే 0.8 గ్రాము. ఆ రోజు ధరకి సుమారు తొంభై డాలర్లు. డబ్బు కోసం ఎవరైనా వెళ్తామంటే వద్దనే చెప్తాను. వెళ్ళాలనుకునేవాళ్ళు మొదటిసారి మిషను అద్దెకే తీసుకోండి, చలికాలంలో వెళ్ళండి. ఎండాకాలంలో అక్కడ విషపు గోధుమరంగు పాములు, కార్చిచ్చు భయంతో పెట్టే నిప్పు నిషేధాలు ఉంటాయి. మ్యాపు ఫోన్‌లోకి ముందే దించుకోండి, హద్దు దగ్గర అనుమానం వస్తే వెనక్కి తిరగండి.

జులై ఆఖరున వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. బంగారం రెండు ముక్కలూ పాప పేరు చెప్పి ఇక్కడే ఉంచాడు నాయన. విమానాశ్రయంలో పాస్‌పోర్టు తీసినప్పుడు దాని అట్టలోంచి ఆ మడత కాగితం కింద పడింది. తీసి ఇచ్చి, ఇది ఊరికెందుకు నాయనా, నా దగ్గర పెట్టుకుంటాలే అన్నాను. ఇవ్వలేదు. మడత విప్పి తారీకు మీద వేలు పెట్టాడు.

"2034 మే దాకా ఉండాది కదా" అన్నాడు. దాన్ని మళ్ళీ మడిచి లోపల పెట్టుకుంటూ అడిగాడు: "వచ్చే ఏడు ఈడ వానలు ఏ నెల్లో మొదలైతాయి?"